మోకాలి నొప్పి అని వచ్చారు

ఈ కేసు రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. "మా ఊరి పేరు రాయకమ్మా. పక్క ఊరి పేరు కూడా రాయకు." అందుకే ఊరూ పేరూ రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు ఒకటి రెండు మార్చాను. మిగతాదంతా నా కేసు షీట్లలో ఉన్నదే.

నేను ఫిజియోథెరపిస్టుని. గుంటూరు జిల్లాలో ఒక చిన్న టౌన్‌లో క్లినిక్ ఉంది. వచ్చేవాళ్లలో ఎక్కువమందికి మోకాళ్లు, నడుము, మెడ నొప్పులే. పెల్విక్ ఫ్లోర్, అంటే మూత్రసంచినీ గర్భసంచినీ కింద నుంచి మోసే కండరాల సమస్యలకి ట్రీట్‌మెంట్ ఇస్తానని బోర్డు మీద రాయించి ఏళ్లయింది. ఆ బోర్డు చూసి నేరుగా లోపలికి వచ్చి, "నాకు మూత్రం ఆగట్లేదు" అన్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లంతా వేరే నొప్పి పేరు చెప్పి వస్తారు. ఈవిడా అలాగే వచ్చారు.

2023 మే. వయసు 54, ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు. మూడు కాన్పులు, మూడూ మామూలువే. మొదటిది ఇంట్లోనే, మంత్రసాని చేతి మీద. 36వ ఏట గర్భసంచి తీసేశారు. సుగర్ లేదు, బీపీకి మూడేళ్లుగా ఎనాలాప్రిల్ వాడుతున్నారు. రెండు మోకాళ్లూ నొప్పి, కుడివైపు ఎక్కువ. ఎక్స్‌రేలో అరుగుదల రెండో గ్రేడు. ఈ వయసుకి అదేమంత పెద్ద విషయం కాదు.

ఐదు వారాలు మోకాలికే వైద్యం చేశాను. కరెంటు పెట్టాను, తొడ కండరాలకి వ్యాయామాలు నేర్పాను. నొప్పి తగ్గింది. ఇక్కడే నాకు లెక్క కుదరలేదు. మోకాలు బాగానే వంగుతోంది, మెట్లెక్కుతున్నారు, కింద కూర్చుని లేస్తున్నారు. అయినా "మోకాళ్ల వల్ల" గుడికి వెళ్లడం లేదు. వాళ్ల ఊరి రామాలయానికి ఉన్నది ఒకే మెట్టు. "మోకాళ్ల వల్ల" పెళ్లిళ్లకి వెళ్లడం లేదు, బస్సెక్కడం లేదు. ఊళ్లో కోలాటం బృందానికి పదేళ్లు ముందు నిలబడి పాట అందుకున్న మనిషి, నాలుగేళ్ల కిందట కర్రలు పక్కింటావిడకి ఇచ్చేశారు.

ఇంకొకటి కూడా చూసి వదిలేశాను. బల్ల మీద పడుకునే ముందు ప్రతిసారీ సంచిలోంచి ఎరువుల బస్తా లోపలి ప్లాస్టిక్ కవరు తీసి పరిచేవారు. దాని మీద నాలుగు మడతల పాత చీర ముక్క. "నాకు చెమటెక్కువమ్మా, మీ దుప్పటి మాసిపోద్ది" అన్నారు. శుభ్రం ఎక్కువేమో అనుకుని ఊరుకున్నాను.

ఆరో వారం కాలు పైకెత్తే వ్యాయామం చేయిస్తుంటే దగ్గు వచ్చింది. ఎవరికైనా చెయ్యి నోటి దగ్గరికి పోతుంది. ఆవిడ రెండు మోకాళ్లూ టక్కున దగ్గరికి చేర్చి, చీర కుచ్చిళ్లు గుప్పిట్లో బిగించి పట్టుకున్నారు. దగ్గు ఆగాక నా మొహం వంక చూశారు, చూశానా లేదా అని.

చూశాను. ఆ వెంటనే ఒక తప్పు చేశాను. కోడలు పక్కనే కుర్చీలో ఉంది. ఆ అమ్మాయి ఎదురుగానే, "దగ్గినప్పుడు యూరిన్ ఏమైనా పడుతోందా అమ్మా?" అని అడిగాను. "ఎప్పుడో ఒకసారి. అందరికీ ఉండేదేగా" అన్నారు. మేము వాడే ఒక ప్రశ్నాపత్రం ఉంది, ఐసీఐక్యూ అంటాం. ఎంత తరచుగా కారుతోంది, ఎంత కారుతోంది, రోజువారీ జీవితానికి ఎంత అడ్డుపడుతోంది అని అడుగుతుంది. మొత్తం 21 మార్కులు, ఎన్ని ఎక్కువ వస్తే సమస్య అంత పెద్దది. కోడలి ముందు ఆవిడ చెప్పిన జవాబులకి వచ్చినవి 5.

తరవాతి సారి కోడలిని మందుల షాపుకి పంపించి అదే కాగితం మళ్లీ అడిగాను. 17 వచ్చింది. రోజుకి నాలుగైదు సార్లు, చీర తడిసేంత. జీవితానికి అడ్డు ఎంత అంటే పదికి తొమ్మిది. "పది ఎందుకు వేయలేదమ్మా?" అంటే, "ఇంకా మంచాన పడలేదుగా" అన్నారు.

ఆ రోజు గంటన్నర మాట్లాడారు. ఒక్కసారి కూడా ఆ జబ్బుకి పేరు పెట్టలేదు. "అది" అన్నారు, "ఆ పని" అన్నారు, "పడిపోతోంది" అన్నారు. "రోజూ ఎన్నిసార్లు వెళ్తారు?" అని నేనంటే సరిపోయింది, ఎక్కడికో ఆవిడకి తెలుసు.

చెప్పినవాటిలో ఒకటి మాత్రం నేను మరచిపోలేను. రెండేళ్ల మనవడున్నాడు. ఏ ఫంక్షన్‌కైనా తప్పనిసరై వెళ్తే వాడిని ఒళ్లోంచి దించరు. అందరూ "నానమ్మంటే ఎంత ప్రేమో" అంటారు. చీర తడిసిందనుకోండి, "వీడు పోశాడు" అని నవ్వేసి లేవొచ్చు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వుతారు, పిల్లాడు పోస్తే ఎవరికీ ఏమీ అనిపించదు. ఒక గృహప్రవేశంలో అలాగే అన్నారు. అన్నాక గుర్తొచ్చింది, ఆ రోజు వాడికి డైపర్ వేసుంది. వేసింది కోడలే, పక్కనే ఉంది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక ఆవిడే రెండు రోజులు కోడలితో మాట్లాడలేదట.

దేవుడి గదిలోకి వెళ్లి నాలుగేళ్లయింది. ఎప్పుడు తడుస్తుందో తెలియని బట్టతో దీపం పెట్టడం మైల అని ఆవిడ భయం. "ఇకనుంచి నువ్వే పెట్టమ్మా" అని కోడలికి అప్పజెప్పారు. అత్తగారు తనకి పెద్దరికం ఇచ్చారని ఆ పిల్ల మురిసిపోయిందట.

ఈ సిగ్గుకి మూలం ఎక్కడుందో ఆవిడే చెప్పారు, నేను అడగకుండానే. వాళ్ల అత్తగారికీ చివరి రోజుల్లో ఇదే. ఆవిణ్ణి వసారాలోకి మార్చారు, మంచం వేరు, కంచం వేరు. "దగ్గరికెళ్తే కంపు అని నేనే అన్నాను. పిల్లల్ని పోనిచ్చేదాన్ని కాదు. ఆవిడకి వినబడేది." కాసేపు ఆగి, "వినబడాలనే అనేదాన్నేమో" అన్నారు. నాలుగేళ్లుగా ఆవిడ దాస్తున్నది మూత్రం ఒక్కటే కాదని నాకు అప్పుడు తెలిసింది. ఆ వసారా ఇప్పటికీ అలాగే ఉంది. అందులో ధాన్యం బస్తాలు వేసుకుంటున్నారు.

ఇక పరీక్షల సంగతి. మూత్రంలో రక్తం, కాళ్లు మొద్దుబారడం, మూత్రం బిగదీసుకుపోవడం లాంటి ప్రమాద సూచనలేవీ లేవు. ముందు లేడీ డాక్టర్ దగ్గరికి పంపాను. కల్చర్‌లో ఇన్ఫెక్షన్ లేదు, స్కానింగులో మూత్రం పోశాక సంచిలో మిగిలింది 30 మిల్లీలీటర్లు, అది మామూలే. మూత్రసంచి కొద్దిగా కిందికి జారింది, ఆపరేషన్ చేయాల్సినంత కాదు. నిలబడి దగ్గమంటే కారింది. ఆవిడ ఒప్పుకున్నాక నేను లోపలి కండరాల బలం చూశాను. ఐదుకి రెండు. మూడు సెకన్లు బిగించి పట్టగలుగుతున్నారు, నాలుగోసారికి అలసిపోతున్నారు. పైగా లోపలికి లాగమంటే ఊపిరి బిగబట్టి కిందికి ముక్కుతున్నారు. ఇది చాలామంది చేసే పొరపాటు. వీడియోలు చూసి ఇంట్లో ఈ వ్యాయామం చేసేవాళ్లలో కొంతమందికి తగ్గకపోగా ఎక్కువయ్యేది ఇందుకే.

దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా కారడం ఒక రకం. కడుపులో ఒత్తిడి పెరిగితే కింద కండరం తట్టుకోలేదు. కుళాయి చప్పుడు వినగానే, ఇంటి గుమ్మం కనబడగానే ఆగలేనంత తొందర వచ్చి దారిలోనే పడిపోవడం ఇంకో రకం. అది మూత్రసంచి అకారణంగా ముడుచుకోవడం. ఆవిడకి రెండూ ఉన్నాయి.

గర్భసంచి తీయించుకున్నందుకే ఇలా అయిందని ఆవిడ గట్టి నమ్మకం. కొంత ఉండొచ్చు, కాన్పులు, బరువు, దగ్గు కూడా ఉన్నాయి కాబట్టి తప్పంతా దాని మీదే వేయలేను. అయితే మన దగ్గర ఆ ఆపరేషన్ ఎంత మామూలైపోయిందో చెప్పాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ముప్పై ఐదేళ్లకే తీయించుకున్న ఆడవాళ్లని నేను ప్రతి వారం చూస్తాను. ఆ తరవాత కింది కండరాలకి వ్యాయామం చేయాలని వాళ్లలో ఒక్కరికీ ఎవరూ చెప్పి ఉండరు.

మూడు రోజుల మూత్రం డైరీ రాయమన్నాను. ఎప్పుడు ఎంత తాగారు, ఎంత పోశారు, ఎప్పుడు కారింది. ఏడో తరగతి చదువుకున్నారు, రాయగలరు. ఎవరికంటా పడకూడదని పాల లెక్కల పుస్తకం చివరి పేజీల్లో రాసుకొచ్చారు. పోసినది "పాలు", కారినది చుక్క గుర్తు. "ఉదయం 6, పాలు 180." చదువుతూ ఇద్దరం నవ్వాం.

నవ్వాల్సినవి కావు ఆ అంకెలు. ఆ ఎండల్లో రోజంతా తాగిన నీళ్లు 600 మిల్లీలీటర్లు. టీ మాత్రం నాలుగుసార్లు, ఒక గ్లాసు మజ్జిగ. పగలు పదకొండుసార్లు, రాత్రి మూడుసార్లు వెళ్తున్నారు. సగటున ఒక్కోసారి 80 మిల్లీలీటర్లు. ఆరోగ్యంగా ఉన్న సంచి 300 నుంచి 500 దాకా హాయిగా పడుతుంది, ఈవిడది ఉదయం లేచాక కూడా 180 దాటడం లేదు.

కారణం అడిగితే దాచే ఏర్పాట్లన్నీ బయటికొచ్చాయి. నీళ్లు తాగితే కారుతుందని మానేశారు. దానివల్ల మూత్రం చిక్కబడి సంచిని ఇంకా రేపుతోంది, మలబద్ధకం వచ్చి ముక్కాల్సి వస్తోంది, ముక్కితే కింది కండరం ఇంకా వదులవుతోంది. వాకిలి దాటే ముందు, ఎవరైనా వస్తున్నారంటే, వంట మొదలుపెట్టే ముందు, అవసరం లేకపోయినా వెళ్లొస్తున్నారు. సంచి కొంచెం నిండగానే తొందరపడటానికి అలవాటు పడింది. కోలాటం, నడక మానేసి ఇంట్లో కూర్చోవడంతో నాలుగేళ్లలో తొమ్మిది కిలోలు పెరిగారు, ఆ బరువంతా మళ్లీ సంచి మీదే. మొదట్లో దగ్గినప్పుడు నాలుగు చుక్కలు పడేవట, వారానికి ఒకసారి. నా అంచనాలో మిగతాది పెంచింది జబ్బు కన్నా, అది నలుగురికీ తెలియకుండా ఉండటానికి ఆవిడ పడిన పాట్లు.

పాత చీర ముక్కలు వాడటం వల్ల తొడల సందుల్లో చర్మం ఒరిసిపోయి ఎర్రబడింది. ప్యాడ్లు కొనరా అంటే, ఒకసారి వేరే టౌన్‌లో మందుల షాపులో కొన్నారట. ఎవరికి అని అడిగితే "మా అత్తగారికి" అన్నారట. అత్తగారు పోయి తొమ్మిదేళ్లు. నెలసరి ప్యాడ్లు దీనికి సరిపోవని చెప్పాను. అవి నెమ్మదిగా వచ్చే రక్తానికి చేసినవి, ఒక్కసారిగా వచ్చే మూత్రాన్ని అంత త్వరగా పీల్చలేవు. మూత్రానికి వేరే ప్యాడ్లు ఉంటాయి, పెద్దవాళ్ల డైపర్ దాకా పోనక్కర్లేదు. కొన్నాళ్లు నేనే తెప్పించి క్లినిక్‌లో ఇచ్చాను. "ప్యాడ్ పెట్టుకుని దీపం పెట్టొచ్చా?" అని అడిగారు. నాకు శాస్త్రం తెలియదమ్మా అన్నాను. పొడి ప్యాడ్ మూత్రాన్ని చర్మం మీద, బట్ట మీద నిలవనివ్వదని మాత్రం చెప్పాను. మరుసటి శుక్రవారం తలంటుకుని, కొత్త ప్యాడ్ పెట్టుకుని, గది లోపలికి వెళ్లకుండా గడప దగ్గర కూర్చుని దీపం పెట్టారట.

వైద్యం జూలైలో మొదలైంది. ఈ వ్యాయామాన్ని 1948లో అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నల్డ్ కెగెల్ ప్రచారంలోకి తెచ్చారు. ఈనాటికీ కారడానికి మొదటి వైద్యం ఇదే. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం కనీసం మూడు నెలలు, రోజుకి మూడుసార్లు, ప్రతిసారీ కనీసం ఎనిమిది బిగింపులు, తెలిసినవాళ్ల పర్యవేక్షణలో. ముందు ఆవిడకి నమ్మకం కుదరాలి.

"అమ్మా, నులక మంచం వాడగా వాడగా మధ్యలో జారిపోతుంది. అప్పుడేం చేస్తారు?"

"కాళ్ల వైపు తాడు బిగిస్తాం."

"మంచం పారేయరుగా?"

"ఎందుకు పారేస్తాం!"

ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా కింద అల్లిన మంచం లాంటిదే ఈ కండరం అని చెప్పాను. నలుగురిలో కూర్చున్నప్పుడు గ్యాస్ రాకుండా ఎలా ఆపుకుంటారో అలా లోపలికీ పైకీ లాగాలి, ఊపిరి మామూలుగా ఆడుతుండాలి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయమని కొందరు చెప్తారు, అది వద్దు. దగ్గు వస్తుందని తెలియగానే ముందు బిగించి తరవాత దగ్గడం నేర్పాను. వీటన్నిటిలోకీ త్వరగా పనికొచ్చింది ఇదే. తొందర వచ్చినప్పుడు పరిగెత్తకుండా, ఉన్నచోటే కూర్చుని ఐదుసార్లు టకటకా బిగించి, ఆ కెరటం పోయాక నడిచి వెళ్లమన్నాను. బాత్రూంకి వెళ్లే వ్యవధి వారానికి పావుగంట చొప్పున పెంచాలి. నీళ్లు రోజుకి లీటరున్నర చేయాలి, టీ రెండుకి తగ్గించాలి.

అన్నీ ఒకేసారి చెప్పాను. అది నా రెండో తప్పు. నీళ్లు పెంచిన వారంలో కారడం రోజుకి ఆరేడు సార్లు అయింది. ఆవిడ రావడం మానేశారు. రెండు వారాలు చూసి ఫోన్ చేశాను. ఇంట్లో ఫోన్ స్పీకర్‌లోనే ఉంటుంది. "మోకాలు ఎలా ఉందమ్మా?" అన్నాను. కాసేపాగి, "మోకాలు ఎక్కువైందమ్మా. నీళ్లు తాగితే ఎక్కువవుతోంది" అన్నారు. వెనకనుంచి వాళ్లాయన, "నీళ్లు తాగితే మోకాలు నొప్పేంటే?" అనడం నాకు వినబడింది.

అలా మోకాలు మా ఇద్దరికీ సంకేతమైంది. ఆ తరవాత ఫోన్లో మాట్లాడినన్నాళ్లూ మోకాలే. అలా మాట్లాడటం సరైనదేనా అని నాకు ఇప్పటికీ గుంజాటనగానే ఉంది. నేనూ ఆ దాపరికంలో చేయి కలిపినట్టే కదా. కానీ ఆ రోజు అసలు పేరుతో అడిగి ఉంటే ఆవిడ మళ్లీ నా గుమ్మం తొక్కేవారు కాదు.

ఆవిడ తిరిగొచ్చాక మొదట్నుంచీ చూసుకుంటూ పోయాను. దగ్గు సంగతి మొదట్లోనే అడగాల్సింది. పొడి దగ్గు, రాత్రుళ్లు ఎక్కువ, రెండు మూడేళ్ల నుంచి. కట్టెల పొయ్యి మానేసి చాలా కాలమైంది. బీపీకి ఎనాలాప్రిల్ వాడుతున్నది మూడేళ్లుగా. ఆ మందుల జాతికి పొడి దగ్గు బాగా తెలిసిన దుష్ప్రభావం. ఫిజీషియన్‌కి చీటీ రాసి పంపితే టెల్మిసార్టాన్‌కి మార్చారు. మూడు వారాల్లో దగ్గు పోయింది, దాంతో పాటు కారడంలో దాదాపు సగం పోయింది. బీపీ మాత్ర ఎవరికి వారు మానేయకూడదు, రాసిన డాక్టరే మార్చాలి. చీర మీద పడుతున్న చుక్కలకీ బీపీ మాత్రకీ సంబంధం ఉందని ఆవిడ ఆ డాక్టర్‌కి చెప్పే అవకాశమే లేదు, ఎందుకంటే చుక్కల సంగతి ఆయనకి చెప్పలేదు.

ఆ తరవాత నీళ్లు వారానికి ఒక గ్లాసు చొప్పున పెంచాం. వ్యాయామాలు టీవీ సీరియల్ మధ్య ప్రకటనలకి ముడిపెట్టారు, ఆ ఉపాయం ఆవిడదే. బరువు సంగతిలో నేను పట్టుబట్టాను. 2009లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, లావుగా ఉన్న మహిళలు ఆరు నెలల్లో 8 శాతం బరువు తగ్గితే వారంలో కారే సార్లు 47 శాతం తగ్గాయి. ఈవిడ జనవరికల్లా 71 నుంచి 67కి వచ్చారు.

పన్నెండు వారాలకి కారడం వారానికి నాలుగైదు సార్లు. ఆరు నెలలకి వారానికి ఒకసారి, కొద్దిగా. కండరం బలం నాలుగు, పట్టు ఎనిమిది సెకన్లు. పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి. ప్రశ్నాపత్రం మళ్లీ పెట్టాను. 5. మొదటి రోజు కోడలి ముందు చెప్పిన అంకె. షీటు తిరగేసి చూపిస్తే, "ఆరోజే చెప్పాగా" అన్నారు నవ్వి.

పూర్తిగా తగ్గలేదు. జలుబు చేసి తుమ్ములు వరసగా వస్తే ఇంకా పడుతుంది. ఇంకా ఇబ్బంది అనిపిస్తే మూత్రనాళం కింద పట్టీ వేసి ఆసరా ఇచ్చే స్లింగ్ ఆపరేషన్ సంగతి ఆలోచిద్దామని లేడీ డాక్టర్ అన్నారు, ఈవిడ వద్దన్నారు. 2024 శ్రీరామనవమికి కోలాటం వేశారు. రెండో వరసలో, ఎగిరే అడుగులు వదిలేసి, ప్యాడ్ పెట్టుకుని. కర్రలు తిరిగిచ్చిన పక్కింటావిడ, "మోకాళ్లు తగ్గాయా?" అని అడిగిందట. తగ్గాయన్నారట.

ఈ కేసు తరవాత నేను అడిగే పద్ధతి మార్చుకున్నాను. ముప్పై ఐదు దాటిన ఆడవాళ్లు ఏ నొప్పితో వచ్చినా, వెంట వచ్చినవాళ్లని బయట కూర్చోబెట్టి అడుగుతాను. "మీకు యూరిన్ సమస్య ఉందా?" అంటే లేదనే జవాబు. "కాన్పులయ్యాక చాలామందికి దగ్గినా నవ్వినా కాస్త తడుస్తుంది, మీకు రోజుకి ఎన్నిసార్లు?" అంటే లెక్క చెప్తారు.

ఆ మే నెలలో కోడలు ఒంటరిగా వచ్చింది. ఇరవై ఆరేళ్లు. కాన్పు తరవాత తొలి మూడు నెలల్లో ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరికి ఇది ఉంటుంది, చాలామందికి తగ్గిపోతుంది. ఈ అమ్మాయికి రెండేళ్లు దాటినా తగ్గలేదు. గృహప్రవేశం రోజు అత్తగారు "వీడు పోశాడు" అన్నప్పుడు తనకి అంతా అర్థమైందట, తనూ అదే పని రెండుసార్లు చేసి ఉంది కాబట్టి. "అత్తయ్యే పంపించారా?" అన్నాను. "లేదు మేడమ్, ఆవిడకి చెప్పకండి" అంది. రిజిస్టర్‌లో కారణం అన్న చోట "నడుం నొప్పి" అని రాసుంది. నేను దాన్ని దిద్దలేదు. ప్రశ్నాపత్రం తీసి, తలుపు వేసి, ఆ అమ్మాయి ఎదురుగా కూర్చున్నాను.